సీసమును సానెట్టును : పద్యరచన నేర్చుకొను మార్గము

పద్యము వ్రాయుట దైవదత్తమగు శక్తి గలవారికే సాధ్యమనియు, తక్కినవారు చదివి యానందింపవలసినదే కాని వ్రాయ నుంకింపరాదనియు లోకమున నొక యభిప్రాయము గలదు. ఇది సగము మాత్రమే సత్యము. మహాకవి యగుటకుఁ బ్రతిభ కావలయును. కాని తప్పులేని పద్యము నొకదానిని గూర్చుటకుఁ గావలసినవి మూఁడే: చెవి, యోపిక, యభ్యాసము. వడ్రంగి కొడుకు బాడిసె పట్ట నేర్చునట్లును, సాలెవారి పిల్ల మగ్గము ముందు గూర్చుండి నేఁత నేర్చునట్లును పద్యరచనయు నేర్చుకొనఁదగిన పనియే. ఆ పని నెచట మొదలిడవలయును, ఏ వరుసను సాగవలయును, ప్రాఁత కట్టుబాట్లను విడిచి క్రొత్త మార్గములఁ ద్రొక్కినవారు వానిని విడుచుటకు ముం దేమి నేర్చిరి యనునవి విద్యార్థులకుఁ దెలుపుటయే యీ వ్యాసోద్దేశము.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల పిల్లలకు “పద్యము మనకు దూరము, అది రాజాస్థానములది, మహానగరములది” యను తలంపు కలుగవచ్చును. ఆ తలంపు సరికాదు. కృష్ణాజిల్లా మెట్టసీమయని చిరకాలము పిలువఁబడి, 2022వ సంవత్సరమునుండి ఎన్. టి. ఆర్. జిల్లాలోఁ జేరిన యీ నేల యక్షరమునకుఁ గ్రొత్తది గాదు. జగ్గయ్యపేట చెంతనున్న బౌద్ధస్తూపముకడ దొరికిన ప్రాకృతశాసనములు ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని కాలమునాఁటివి, అనఁగాఁ గ్రీస్తుశకము 3వ శతాబ్దికిఁ జెందినవి. బేతవోలను పూర్వపుటూరి చెంతఁ బేటను గట్టించి దానికిఁ దన తండ్రి జగ్గయ్య పేరిడిన వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు కవిపండిత పోషకుఁడని ప్రసిద్ధికెక్కిన ప్రభువు. ఇఁక నందిగామ మీఁదుగాఁ దూర్పునకుఁ బోవు రాజమార్గమున బెజవాడకుఁ జేరినచో, అచట యుద్ధమల్లుని శాసనము గలదు. అది 10వ శతాబ్దిలో మధ్యాక్కఱ యను తెలుఁగు ఛందస్సున ఱాతిపైఁ జెక్కఁబడిన పద్యశాసనము. నన్నయభట్టు 11వ శతాబ్దిలో భారతమును దెనిఁగించుటకుఁ బూర్వమే యీ చుట్టుప్రక్కలఁ బద్యము ఱాతిపైఁ జోటుచేసికొన్నది. కావునఁ బద్యము మనకుఁ బరాయిది గాదు, ప్రక్కయూరిది.

1. చెవియే మొదటి గురువు

ఛందశ్శాస్త్రమును జేతఁబట్టుటకు ముందుగాఁ బద్యములను బిగ్గరగాఁ జదివి కంఠస్థము చేయుట మేలు. శాస్త్రము చెవి యెఱిఁగినదానికిఁ బేరు పెట్టును. అంతకంటె నెక్కుడు చేయదు. వేమన యాటవెలఁదులు, సుమతీశతకపుఁ గందములు చిన్ననాఁటనే నోటికి వచ్చినవారికి గణవిభజనము క్రొత్తగాఁ దోఁపదు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములలోని పద్యములు రంగస్థలమునుండి పొలముగట్టులకు నడచి, యక్షరము రానివారి నోళ్ళలోఁ గూడ నిలిచినవి. వారి కెవ్వరును గణములు చెప్పలేదు. ఐనను రాగము తీయుచు నొక యక్షరము తప్పినచో “ఇచట నేదో పోయిన”దని వెంటనే కనిపెట్టఁగలరు. ఈ కనిపెట్టు శక్తియే పద్యరచనకుఁ బునాది.

పరదేశీయులు సైతము నేర్చుకొనఁగలిగిన విద్య యిది. మచిలీబందరున నుద్యోగము చేసిన చార్లెసు ఫిలిప్పు బ్రౌను తెలుఁగు సంస్కృత ఛందస్సులను వివరించు గ్రంథమును 1827లోఁ బ్రకటించెను. పరభాషవాఁడు పట్టుదలతో నేర్చినదానిని, ఉయ్యాలలోనే యా నడక విన్న మనము నేర్వలేమా?

2. మూఁడు మాటలు

చెవి సిద్ధమైన పిదపఁ దెలిసికొనవలసిన మాటలు మూఁడు.

మొదటిది లఘువు, గురువు. చిటికె వేయునంత కాలములోఁ బలుకఁబడునది లఘువు. దానికి రెట్టింపు కాలము పట్టునది గురువు. దీర్ఘాక్షరములు, నిండు సున్న గలవి, విసర్గ గలవి, పొల్లుతోఁ గూడినవి, జంటయక్షరమునకు ముందుండునవి గురువులు, తక్కినవి లఘువులు. “అమ్మ” యనునపుడు మొదటి యక్షరము గురువు, రెండవది లఘువు. అరసున్న వలన లఘువు గురువు గాదు.

రెండవది గణము. కొన్ని లఘుగురువుల గుంపునకు గణమని పేరు. దేశిచ్ఛందస్సున ముఖ్యముగా రెండు కుటుంబములు గలవు. సూర్యగణములు రెండు: మూఁడు లఘువులైనను, ఒక గురువు నొక లఘువైనను. ఇవి పొట్టివి. ఇంద్రగణములు ఆఱు; వానిలో నలము, నగము, సలము, భ, ర, త యనునవి చేరును. ఇవి కొంచెము నిడుపైనవి. సూర్యగణములు చిన్నయడుగులు, ఇంద్రగణములు పెద్దయడుగులు అని తలఁచిన చాలును. ఏ పద్యమున నే వరుసను జిన్నయడుగులు, పెద్దయడుగులు పడునో దానినిఁ బట్టియే పద్యము పేరు మాఱును.

మూఁడవది యతి. పాదము మొదటి యక్షరమునకు, నడుమ నియతమైన చోటనున్న యక్షరముతోఁ జెలిమి యుండవలయును. హల్లు హల్లుతోఁ గలియవలయును, అచ్చు నచ్చుతోఁ గలియవలయును. పాదము పొడుగున నీ చెలిమి యొక మేకువలె నిలిచి పద్యమును జాఱిపోనీయదు. కొన్ని పద్యములకుఁ బ్రాసయుఁ గలదు. అనఁగా నన్ని పాదములందును రెండవ యక్షరము నొకే హల్లుతో నుండుట.

ఇచట నొక విశేషము గమనింపఁదగినది. ఇంగ్లీషు కవిత్వము పాదము చివర నందమును వెదకును. తెలుఁగు పద్యము పాదము మొదట వెదకును. దీనికిఁ గారణము లేకపోలేదు. తెలుఁగుమాటలు దాదాపుగా నన్నియు నచ్చుతో ముగియును. వాక్యము చివరఁ గ్రియ వచ్చును. క్రియలలోఁ బెక్కులు “ను, ను” అని యొకేతీరున ముగియును. అందుచే నంత్యప్రాస మనకు మిక్కిలి సులభము, సులభమగుటచేతనే చవుక. మొదటి యక్షరమునకు యతి కుదుర్చుట కష్టము; కష్టమగుటచేతనే యది కవిని క్రొత్తమాట వెదకునట్లు చేయును.

3. ఆటవెలఁదితో నారంభము

నేర్చుకొనువాఁడు ముందుగా నాటవెలఁదినిఁ బట్టుట మంచిది. దీనికిఁ బ్రాస నియమము లేదు. మొదటి, మూఁడవ పాదములందు మూఁడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు. రెండవ, నాలవ పాదములం దైదును సూర్యగణములే. నాలవ గణము మొదటి యక్షరమున యతి. విద్యార్థుల యుపయోగమునకై కూర్చిన యొక యుదాహరణము:

చెవికి నచ్చకున్నఁ జేతితో దిద్దుము
గణము గణము వేళ్ళ గణన సేసి
కుదురుపడిన పిదప గొంతెత్తి చదువుము
పద్యమనుట నోటి పంట గాదె.

మొదటి పాదమును విడఁదీయుఁడు: చెవికి — నచ్చ — కున్నఁ — జేతితో — దిద్దుము. మొదటి మూఁడును సూర్యగణములు, చివరి రెండును ఇంద్రగణములు. “చె”కును “జే”కును యతి చెల్లినది. రెండవ పాదము: గణము — గణము — వేళ్ళ — గణన — సేసి, ఐదును సూర్యగణములే. పెద్దపాదము వెనుకఁ జిన్నపాదము, మరలఁ బెద్దపాదము వెనుకఁ జిన్నపాదము వచ్చుటచే నీ పద్యము తొక్కుడుబిళ్ళ యాటవలె నడచును. చిన్నపాదము మాటను దిటముగా ముగించుటకుఁ దగియున్నది. అందుచేతనే వేమన నీతులకు నిది తగిన పనిముట్టయ్యెను.

ఈ దశలోఁ గ్రొత్తవారికిఁ గలుగు తెగులు వ్యర్థపదము. గణము నిండలేదని “మఱియు”, “చాల”, “ఇలను”, “భువిని”, “వేడ్కతో” అను మాటలనుఁ జొప్పించుట యలవాటగును. తూఁకము చాలక బియ్యములోఁ గలిపిన ఱాళ్ళవంటి వివి. పరీక్ష సులభము: పద్యమును వచనముగా మార్చి చెప్పి చూడుఁడు. వచనమున నవసరములేని మాట పద్యమునను నవసరము లేనిదే.

అవధానసభలలోని సమస్యాపూరణము మంచి వ్యాయామము. ఒకరు విపరీతార్థము గల పాద మొకటి యిత్తురు. మఱియొకరు తక్కిన పాదములను జేర్చి దానికి సమంజసమైన యర్థము కల్పింతురు. బడిలో నిద్దఱు స్నేహితు లీయాట యాడుకొనవచ్చును. ఎదుటివాని పాదమునకు మన పాదము లదుకునపుడు ఛందస్సుతోపాటు బుద్ధియుఁ బదునెక్కును.

4. సీసమునందలి మలుపు

ఆటవెలఁది, తేటగీతి చేతికి వచ్చిన పిదప సీసమునకుఁ బోవలయును. తేటగీతి పాదమున నొక సూర్యగణము, రెండు ఇంద్రగణములు, మరల రెండు సూర్యగణములు ఉండును. యతి నాలవ గణమునందే. సీసమున నాలుగు పొడుగు పాదములు గలవు. ఒక్కొక్క పాదము రెండు ముక్కలు. మొదటి ముక్క నాలుగు ఇంద్రగణములు. రెండవ ముక్క రెండు ఇంద్రగణములు, రెండు సూర్యగణములు. ప్రతి ముక్కయందును మూఁడవ గణమున యతి. నాలుగు పాదముల వెనుకఁ దేటగీతి గాని యాటవెలఁది గాని తప్పక రావలయును. గీతము లేని సీసము తలుపులేని యింటివంటిది. ముక్కల లెక్కను జూచినచో సీసము ఎనిమిది, గీతము నాలుగు. మొత్తము పండ్రెండు పంక్తులు.

శ్రీనాథుఁడు, పోతన సీసమును నిండుదనమునకుఁ దెచ్చినవారు. సీసము పెద్దదగుటచేఁ జాల విషయములు పట్టునని కొంద ఱెంచుదురు. దాని సొగసు పట్టులో లేదు, మలుపులో నున్నది. ఎనిమిది పంక్తులు ఒక భావమును బేర్చును. గీతము దానిని మఱియొక వైపునకుఁ ద్రిప్పును. ఈ సీసమును జదువుఁడు. విషయము మెట్టసీమలో వానకై యెదురుచూచుట:

మున్నేటి యిసుకలో మూఁగవోయిన నీటి
జాడను వెదకెడు సంజ మంద,
చెఱువు గట్టునఁ జేరి చినుకుకై తలయెత్తి
కాలొక్కటను నిల్చు కఱవు కొంగ,
పగిలిన నేలపైఁ బాదమించుక మోపి
వేఁడికి వెనుకకు వెడలు బుడుత,
విత్తనాల్ మూటలో వేళకై దాచుచు
మబ్బుల లెక్కించు మౌని మామ్మ;

నేఁడు చినుకొండు రాలెను నింగినుండి;
పేరు నడుగదు, గోత్రముఁ, బెద్దఱికము;
బీద చేనికిఁ గలవాని బీటికైనఁ
దడిపి నడచును సమముగా ధరణి నెల్ల.

మొదటి ముక్క గణవిభాగ మిది: మున్నేటి — యిసుకలో — మూఁగవో — యిననీటి. నాలుగును ఇంద్రగణములే, “ము”కును “మూ”కును యతి. మాటలు గణముల హద్దులను దాఁటి నడచుట తప్పుగాదని “మూఁగవోయిన” యను మాటయే చూపుచున్నది. రెండవ ముక్క: జాడను — వెదకెడు — సంజ — మంద. చివరి రెండును జిన్నయడుగులగుటచేఁ బాదము మెల్లగా నాగును. నాలుగుసార్లు ఆగినపుడు నాలుగు చిత్రములు కనఁబడినవి: పశువుల మంద, కొంగ, పిల్లవాఁడు, మామ్మ. నలువురును ఎదురుచూచువారే. గీతమున వాన వచ్చినది. కాని “వాన వచ్చెను, సంతోషము” అని మాత్రమే చెప్పిన మలుపు కాదు. ఎదురుచూచుటను గూర్చిన పద్యము హఠాత్తుగా సమత్వమును గూర్చిన పద్య మైనది. ఇదియే మలుపు.

మీరు వ్రాసిన సీసమునకు నీ పరీక్ష పెట్టుఁడు: గీతమును జేతితోఁ గప్పి చదువుఁడు. సీసము మాత్రమే చదివినను నష్టము లేకున్నచో మీ గీతము వృథా. గీతము మాత్రమే చదివిన నంతయుఁ దెలిసినచో మీ సీసము వృథా. రెండును గలిసిననే యర్థము పూర్తియైనచోఁ బద్యము కుదిరినది.

5. సానెట్టు మన సీసమునకు దూరపుఁ జుట్టము

ఇంగ్లీషు పాఠములలో సానెట్టును జదువు విద్యార్థులు దానిని మన పద్యములతోఁ బోల్చి చూచుట యరుదు. సానెట్టు 13వ శతాబ్దిలో సిసిలీ ద్వీపమునఁ బుట్టి, 14వ శతాబ్దిలో నిటలీ కవి పెట్రార్కు చేతఁ బ్రసిద్ధి కెక్కి, 16వ శతాబ్దిలో నింగ్లండునకు వచ్చెను. దానికిఁ బదునాలుగు పంక్తులు. పెట్రార్కు పద్ధతిని మొదటి యెనిమిది యొక భాగము, తరువాతి యాఱు మఱియొక భాగము. ఎనిమిదవ పంక్తి దాఁటఁగనే భావము మలుపు తిరుగును. షేక్స్పియరు పద్ధతిని నాలుగేసి పంక్తుల భాగములు మూఁడు, చివర రెండు పంక్తుల ముక్తాయింపు. 1609లో నచ్చైన యాయన సానెట్టులు 154. ఆంగ్లపు పంక్తికిఁ బదియక్షరములు; తేలికగాఁ బలుకునది, యూఁదిపలుకునది యను జంటలు ఐదు.

సీసమున నెనిమిది ముక్కల పిదప గీతము. సానెట్టున నెనిమిది పంక్తుల పిదప నాఱు. ఒకదానినిఁ జూచి యొకటి పుట్టలేదు. వాని తల్లులు వేఱు, నేలలు వేఱు. ఐనను మనుష్యుని మనస్సు ఒక తలంపును గొంతదూరము మోసికొనిపోయి, యచట నిలిచి, వెనుదిరిగి చూచుట కోరునని యీ రెండు రూపములును సాక్ష్యమిచ్చుచున్నవి.

సానెట్టును నాటుకొనుట భారతభాషలకుఁ గ్రొత్త గాదు. వంగకవి మైకేలు మధుసూదనదత్తు కొంతకాలము మదరాసున నుపాధ్యాయుఁడై, తరువాత ఐరోపాకుఁ బోయి, 1866లోఁ దన చతుర్దశపది కవితలను బ్రకటించెను. ఆయన యింగ్లీషు నడకను వంగభాషకుఁ దగిలింపలేదు. తన భాషలో నదివఱకే యున్న పదునాలుగక్షరముల పయారు పంక్తిని దీసికొని, దానితో సానెట్టును గట్టెను. మనమును నట్లే చేయవచ్చును. తేటగీతిని నాలుగు పాదములతో నాపక మాలికగాఁ బెంచుట మనవారికిఁ బూర్వమునుండి సమ్మతము. పదునాలుగు పాదముల తేటగీతి మాలిక వ్రాసి, యెనిమిదవ పాదము దాఁటఁగానే భావమును మలుపు త్రిప్పినచో నది తెలుఁగు నడక గల సానెట్టగును. అంత్యప్రాసకై ప్రాఁకులాడ నక్కఱలేదు, యతి చాలును. పై తరగతుల విద్యార్థు లిట్టి ప్రయత్నము నొకటి చేసి చూతురు గాక.

6. ప్రాఁతదానినే క్రొత్తగాఁ జేసినవారు, కట్టు విప్పినవారు

ప్రయోగమనఁగా నియమములను బాఱవైచుట యని పలువురి భావము. అట్లు గాదు. బెజవాడ శాసనమునందలి మధ్యాక్కఱ మాట మరలఁ దలఁచుకొందము. ఆ ఛందస్సు నన్నయ కాలము తరువాతఁ గ్రమముగా వాడుక తగ్గినది. మచిలీబందరున చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారి శిష్యుఁడై, పిదప విజయవాడ కళాశాలలో నధ్యాపకుఁడుగా నున్న విశ్వనాథ సత్యనారాయణగారు దానిని దీసికొని శతకములకు శతకములే వ్రాసిరి. ఆయన “విశ్వనాథ మధ్యాక్కఱలు” 1962లోఁ గేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము నొందినవి. ఏ యూర వేయి యేండ్లక్రిందట ఱాతిపైఁ జెక్కిరో, ఆ యూరనే కాపురమున్న కవి చేతిలో నా పద్యము మరలఁ జిగిర్చినది. ప్రాఁతదానిని దవ్వి తీయుటయు నొక ప్రయోగమే.

రెండవ విధము, నియమమును సడలించుట. గురజాడ అప్పారావుగారు 1910లో ముత్యాలసరములను వెలువరించిరి. అందు యతిప్రాసల నిర్బంధము లేదు. ఉన్నది మాత్రల నడక, మూఁడును నాలుగును, మూఁడును నాలుగును. మూఁడు పాదములు పదునాలుగేసి మాత్రలు, నాలవది పొట్టిది. పైనిచ్చిన వానమాటనే యా నడకలోఁ బెట్టిన నిట్లుండును:

మెట్ట చేనున మొదటి చినుకుకు
మట్టి వాసన లేచి నిలిచెను
ఎవరి చేనని యొక్కసారియు
మబ్బడిగెనే?

చేతితోఁ దాళము వేయుచుఁ జదివినచో “మెట్ట” మూఁడు, “చేనున” నాలుగు, “మొదటి” మూఁడు, “చినుకుకు” నాలుగు అని తెలియును. సీసము చెప్పిన నాలుగు చిత్రములు దీనిలోఁ బట్టవు. కాని ప్రశ్న సూటిగాఁ దగులును.

మూఁడవ విధము, కట్టునే విప్పుట. పఠాభి 1939లోఁ బ్రకటించిన “ఫిడేలు రాగాల డజన్” ఛందస్సుపైఁ దిరుగుబాటుగాఁ బేరొందినది. కుందుర్తి ఆంజనేయులుగారు వచనకవితకై జీవితమంతయుఁ బాటుపడిరి. అట్టి కవితలో గణము లేదు, మాత్ర లేదు. వాడుకమాట, పంక్తి విఱుపు, చిత్రము మాత్రమే యుండును:

మామ్మ మూట విప్పింది.
గింజలు లెక్కపెట్టలేదు.
ఒక్క చినుకు పడిందని
ఊరంతా చెప్పులు విడిచి
చేలోకి దిగింది.

ఇది సులభమని తోఁచును, నిజమునకుఁ గష్టము. గణము లేనిచోట వ్యర్థపదమునకు సాకు లేదు. ఏ పంక్తి యెచట విఱుగవలయునో చెప్పుటకు శాస్త్రము లేదు. చెవి యొక్కటే చెప్పవలయును. ఆ చెవి యెచటినుండి వచ్చును? శ్రీశ్రీ ప్రథమ పద్యసంపుటి “ప్రభవ” 1928లో వెలువడినది. అది పూర్వపద్ధతిఁ గూర్చిన పద్యములది. ఆ తరువాతనే 1930 ప్రాంతములందు మహాప్రస్థాన గీతములు పుట్టి, 1950లోఁ బుస్తకముగాఁ జేరినవి. పాశ్చాత్యులలోను ఇట్లే. హాప్కిన్సు కవి సానెట్టును బదిన్నర పంక్తులకుఁ గుదించునపుడు ఎనిమిది, ఆఱు అను పాళ్ళను లెక్కకట్టియే కుదించెను. ముడి యెట్లు పడినదో తెలిసినవాఁడే దానిని దారము తెగకుండ విప్పఁగలఁడు.

7. పద్య మెవరి సొత్తు?

ఇఁకఁ జెప్పవలసినది ముఖ్యమైన మాట. పద్యము కొన్ని కులములకే చెల్లునని, తక్కినవారు వినుటకే గాని వ్రాయుటకుఁ దగరని పూర్వము దేశమున ననేకులు నమ్మిరి. ఆ నమ్మకమును దన పద్యములతోనే పడఁగొట్టినవాఁడు గుఱ్ఱము జాషువ. ఆయన కృష్ణకు నావలి యొడ్డున, పల్నాటిసీమలోని వినుకొండలో 1895వ సంవత్సరమునఁ బుట్టెను. అంటరానివాఁడను నెపమునఁ బెక్కు సభలలో నవమానముల నొందెను. ఐనను బద్యమును విడువలేదు, పద్యనియమములనును విడువలేదు. 1941లో వెలువడిన “గబ్బిలము”లోఁ గాళిదాసు మేఘమును దూతగాఁ బంపినట్లు, అస్పృశ్యుఁడగు నొక దరిద్రుఁడు గబ్బిలమును గాశీవిశ్వేశ్వరుని కడకుఁ దన మొఱతోఁ బంపును. ఏ ఛందస్సులు తనవి కావని యితరులు చెప్పిరో, ఆ ఛందస్సులతోనే యా మొఱను గట్టెను. ఆయన “క్రీస్తుచరిత్ర” 1964లోఁ గేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము నొందినది.

దీనివలన మనము గ్రహింపవలసిన దేమి? యతి కవి కులము నడుగదు. గణము తండ్రి వృత్తి నడుగదు. తప్పెవరు చేసినను దప్పే. ఒప్పెవరు చేసినను నొప్పే. వ్రాసినవాని పేరు చూడక తీర్పు చెప్పు న్యాయస్థానము ఛందస్సువంటిది మఱియొకటి యరుదు. కావుననే చిన్నయూళ్ళ పిల్లలకు, తొలితరమున బడికి వచ్చిన పిల్లలకు నిది నేర్పకుండుట వారి వాటా సొత్తును వారికి దాఁచుటవంటిది. నేర్చిన పిదప దానిని వాడుదురో, సడలింతురో, విడిచివేయుదురో వారి యిష్టము. నేర్వనివానికి విడుచు స్వాతంత్ర్యమును లేదు. వానికి గల దొక్క లేమియే.

8. ఒక యేఁటి యభ్యాసక్రమము

నేర్వఁగోరువారు ఈ క్రమము నవలంబింతురు గాక. మొదటి మూఁడు నెలలు వ్రాయక, దినమున కొక పద్యము చొప్పున బిగ్గరగాఁ జదివి గణములు విడఁదీయుఁడు. తరువాతి మూఁడు నెలలు వారమున కొక యాటవెలఁది వ్రాయుఁడు, కన్నదానినే వ్రాయుఁడు. చంద్రుని, కోకిలను బూర్వులు చాలినంత వర్ణించిరి; మిరపకల్లమును, ప్రత్తిచేనును, మున్నేటి యిసుకను, సంతకుఁ బోవు బండిని వర్ణించువారు తక్కువ. ఆ పిమ్మట మూఁడు నెలలు తేటగీతి, సీసము వ్రాయుచు మలుపును సాధింపుఁడు. చివరి మూఁడు నెలలలో నొకే విషయమును సీసముగా, ముత్యాలసరముగా, వచనకవితగా మూఁడువిధముల వ్రాసి, యేది యే రూపమున బ్రతికినదో పోల్చి చూడుఁడు. వ్రాసినదానిని బడిలోఁ దెలుఁగు నేర్పువారికిఁ జూపుఁడు. అంతకు ముందుగా ఛందస్సు తెలియని యింటిపెద్ద యొకరికిఁ జదివి వినిపింపుఁడు. వారికి నర్థము గాని పద్యమునకు గణములు సరిపోయినను లాభము లేదు.

అందఱును గవులు గానక్కఱలేదు. పద్యము కూర్చ నేర్చినవాఁడు మంచి వచనమును వ్రాయును; ఏలనన మాటను దూఁచుట వానికి నలవాటైనది. పరుల పద్యమును జదువునపుడు వాఁ డందలి కష్టము నెఱిఁగి మన్నించును. సీసమునకుఁ బండ్రెండు పంక్తులు, సానెట్టునకుఁ బదునాలుగు. ఆ కొలఁది జాగాలోఁ దన తలంపు నొకదానిని గుదురుగాఁ గూర్చుండఁబెట్టఁగలవానికి, పెద్దయై యే సభలోనైనను, ఏ యర్జీలోనైనను దన మాటను సూటిగాఁ జెప్పుట కష్టము గాదు.